విండోస్ 10 నుంచి 11కు మారేటప్పుడు ఇంటి కంప్యూటర్‌లో ఎదురయ్యే హార్డ్‌వేర్ చిక్కులు: ఒక్కొక్కటిగా వెతికి సరిచేసే విధానం

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అప్పటి నుంచి అనంతపురంలో బంధువుల ఇళ్ల నుంచీ ఇరుగుపొరుగు నుంచీ నాకు తరచుగా వస్తున్న ఫోను ఒకటే: “అప్‌గ్రేడ్ పెట్టినాము, సగంలో నిలబడిపోయింది, షాపులో చూపిస్తే బోర్డు పోయిందంటున్నారు.” అలా పోయిందన్న బోర్డులలో నేను విప్పి చూసినవి చాలావరకు బాగానే ఉన్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు వల్ల మంచి భాగం చెడిపోవడం అరుదు. అంతకుముందే బలహీనపడి ఉన్న హార్డ్ డిస్కు, ర్యామ్, బ్యాటరీ, కేబులు ఆ గంటన్నర ఎడతెగని పనిలో బయటపడతాయి. లేదా బయాస్‌లో, అంటే విండోస్‌కు ముందే నడిచే బోర్డు సొంత సెట్టింగ్‌లలో, చేయవలసిన మార్పుల వరుస తప్పుతుంది. అందుచేత ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం అప్‌గ్రేడ్‌కు ముందు చేయవలసిన పని గురించే ఉంటుంది. దీనంతటిలో నేను గట్టిగా పట్టుబట్టే నియమం ఒకటే. ఒకసారికి ఒకే మార్పు చేసి, కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేసి, విండోస్ వచ్చిందని చూసుకున్న తర్వాతే రెండో మార్పుకు వెళ్లాలి.

కంప్యూటర్ అర్హత

విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతిలో సెక్యూర్ బూట్‌కు (నమ్మదగిన ప్రోగ్రామ్‌నే మొదలుకానిచ్చే రక్షణకు) వీలున్న బోర్డు, రహస్య తాళాలను భద్రపరిచే టీపీఎం 2.0 అనే భాగం కావాలి. ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. స్థూలంగా చెప్పాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి ఉన్నవి చెల్లుతాయి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే ప్రోగ్రామ్ ఏది ఉందో, ఏది లేదో చెబుతుంది. అది “టీపీఎం లేదు” అన్నంత మాత్రాన కొత్త బోర్డు కొనవద్దు. ప్రాసెసర్ జాబితాలో ఉంటే టీపీఎం దాదాపు ఎప్పుడూ లోపలే ఉంటుంది, బయాస్‌లో ఆపివేసి ఉంటుందంతే. విండోస్ 11 64 బిట్ రూపంలో మాత్రమే వస్తుంది గనుక, ప్రస్తుతం 32 బిట్ విండోస్ నడుస్తున్న కంప్యూటర్‌కు అప్‌గ్రేడ్ దారి లేదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయవలసిందే.

ముందు రోజు చేయవలసిన పనులు

ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, పొలం కాగితాల నకళ్లు, బ్యాంకు పత్రాలు అన్నింటినీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. డీ డ్రైవ్‌లో పెట్టిన కాపీ బ్యాకప్ కాదు, ఎందుకంటే చాలా ఇళ్లలో సీ, డీ, ఈ అన్నీ ఒకే డిస్కు ముక్కలు.

ఆ తర్వాత డిస్కు ఎన్‌క్రిప్షన్ (ఫైళ్లకు తాళం వేసినట్టు ఉంచే రక్షణ) ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూడాలి. బిట్‌లాకర్ గాని డివైస్ ఎన్‌క్రిప్షన్ గాని ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకొని, బయాస్‌లో చెయ్యి పెట్టే ముందు ఆ రక్షణను తాత్కాలికంగా నిలిపివేయాలి. ఈ కీ లేకుండా టీపీఎం సెట్టింగ్ మార్చినవారు తమ సొంత ఫైళ్ల ముందే తాళం చెవి లేక నిలబడవలసి వస్తుంది.

ఇప్పుడు నడుస్తున్న డ్రైవర్లను, అంటే పరికరాలను విండోస్ చేత నడిపించే చిన్న ప్రోగ్రాములను, దాచుకోవడం చాలామంది వదిలేసే పని. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పీఎన్‌పీయుటిల్ (pnputil) అనే ఆదేశాన్ని ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ (/export-driver *) ఎంపికతో నడిపితే, విండోస్‌తో రాకుండా తర్వాత జతచేసిన డ్రైవర్లన్నీ మీరు చూపిన ఫోల్డర్‌లోకి వస్తాయి. దాన్నీ, తయారీదారు వెబ్‌సైటు నుంచి దించిన వైఫై డ్రైవర్‌నూ పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. అప్‌గ్రేడ్ తర్వాత వైఫై పోతే డ్రైవర్ దించుకోవడానికి ఇంటర్నెట్ ఉండదు. అది కూడా లేనప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సాధారణంగా ఏ డ్రైవరూ అడగకుండానే నెట్ వస్తుంది.

పాత విండోస్ మీదే భాగాలను పరీక్షించడం

మొదట దుమ్ము. ఆషాఢ గాలులు వీచే రెండు నెలల్లో మన జిల్లాలో కిటికీ పక్కన పెట్టిన కేబినెట్ లోపలికి ఎంత ఎర్రమట్టి చేరుతుందో విప్పి చూసినవారికే తెలుస్తుంది. పవర్ కార్డు తీసి, ఆన్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకొని మిగిలిన విద్యుత్తును ఖాళీ చేయాలి. తర్వాత మెత్తటి పెయింట్ బ్రష్‌తోనూ బ్లోయర్‌తోనూ శుభ్రం చేయాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో ఆపండి. ఆ తర్వాత హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో వంటి ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ వేడి చూడండి. పని లేకుండా ఉన్నప్పుడే 70 డిగ్రీలు దాటుతుంటే హీట్‌సింక్ కింద థర్మల్ పేస్టు ఎండిపోయిందని అనుమానించాలి. ఏప్రిల్, మే నెలల్లో అప్‌గ్రేడ్ పెట్టేవారు తెల్లవారుజామున మొదలుపెట్టడం మంచిది. గది చల్లగా ఉంటుంది, కరెంటు కూడా నిలకడగా ఉంటుంది.

తర్వాత డిస్కు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ప్రోగ్రామ్ తెరిస్తే స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, వరుసగా కనిపిస్తాయి. హార్డ్ డిస్కులో నేను చూసే వరుసలు మూడు. 05 అనే వరుస పాడై పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క, సీ5 చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల లెక్క, సీ7 కేబుల్‌లో దెబ్బతిన్న సమాచారపు లెక్క. మొదటి రెండింటిలో సున్నా కాని అంకె ఉంటే ఆ డిస్కు మీద అప్‌గ్రేడ్ చేయవద్దు, ముందు కొత్త ఎస్‌ఎస్‌డీలోకి మార్చండి. సీ7 మాత్రమే పెరుగుతుంటే డిస్కు మంచిదే కావచ్చు, డిస్కును బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి. సీ7 లెక్క ఒకసారి పెరిగితే తగ్గదు కాబట్టి, కేబుల్ మార్చాక అది అక్కడే ఆగిందా లేదా అన్నదే గుర్తు. కేబుల్ మార్చితే తీరే ఇబ్బందికి డిస్కు మార్చినవారిని నేను చూశాను.

ర్యామ్ పరీక్షకు విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది. ఇంకా గట్టిగా చూడాలంటే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి రాత్రంతా నడపవచ్చు. ఒక్క తప్పు కనిపించినా వదిలేయకూడదు. ర్యామ్ కడ్డీని తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో ఒకే వైపుగా మెల్లగా రుద్దితే రబ్బరు మీద నల్లటి చారలు పడతాయి. ఆ పొడిని బ్రష్‌తో పూర్తిగా దులిపి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనేలా కూర్చోబెట్టి మళ్లీ పరీక్షించండి. అప్పటికీ తప్పులు వస్తే ఒక్కొక్క కడ్డీనే పెట్టి, ఏది చెడిందో తేల్చుకోవాలి.

ఇక కరెంటు. యూపీఎస్ ఉందని ధీమాగా ఉండకుండా, కంప్యూటర్‌లో ముఖ్యమైన పని ఏదీ లేనప్పుడు గోడ స్విచ్ ఆపి ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చూడండి. రెండు నిమిషాల్లోనే ఆరిపోతే బ్యాటరీ అయిపోయినట్టే. యూపీఎస్ లేకుండా ఇంటి ఇన్వర్టర్ మీదే ఆధారపడేవారు దాని మీటను యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. మామూలు మోడ్‌లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణకాలంలోనే కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు. బయాస్ అప్‌డేట్ మధ్యలో అలా జరిగితే బోర్డు నిజంగానే పనికిరాకుండా పోతుంది.

బోర్డు మీది చిన్న బ్యాటరీ

రూపాయి బిళ్ల ఆకారంలో ఉండే సీఆర్2032 బ్యాటరీ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే నన్ను అన్నింటికంటే ఎక్కువ తిప్పింది అదే. కమలానగర్‌లో మా చిన్నాన్న ఇంటి కంప్యూటర్‌కు సాయంత్రమంతా కూర్చొని విండోస్ 11 ఎక్కించాను. చక్కగా నడిచింది. మరునాడు పొద్దున్నే చిన్నాన్న ఫోను చేసి, “నల్ల తెర మీద బూట్ డివైస్ లేదని రాసి ఉంది, డిస్కు కాలిపోయినట్టుంది రా” అన్నారు. వెళ్లి డిస్కు తీసి నా ల్యాప్‌టాప్‌కు కలిపితే ఫైళ్లన్నీ కనిపిస్తున్నాయి. తిరిగి బిగించి బయాస్‌లోకి వెళ్లగా, పైన మూలలో తేదీ 2018 జనవరి 1 అని ఉంది. విషయం అక్కడ తెలిసింది. ఆ ఇంట్లో రాత్రి పడుకునే ముందు కంప్యూటర్ స్విచ్ బోర్డు మొత్తం ఆపేస్తారు. చిన్న బ్యాటరీ అయిపోయి ఉండడంతో బయాస్ సెట్టింగ్‌లన్నీ మొదటికి వచ్చాయి, పాత పద్ధతి బూట్ తిరిగి ఆన్ అయింది, నేను కొత్త పద్ధతికి మార్చిన డిస్కు దానికి కనిపించలేదు. సుభాష్ రోడ్డులో కొత్త బ్యాటరీ కొని, వేసి, సెట్టింగ్‌లు తిరిగి పెట్టాక ఆ కంప్యూటర్ ఈ రోజుకూ నడుస్తున్నది.

కంప్యూటర్ కొని నాలుగైదేళ్లు దాటి ఉంటే ఈ బ్యాటరీని ముందే మార్చేయండి. మీటర్‌తో చూసేవారికి కొత్తది 3 వోల్టులకు కొంచెం పైన చూపుతుంది, 2.7 దగ్గరికి దిగినదాన్ని నేను ఉంచను. ఈ పని మొదట చేయాలి, బయాస్ మార్పులు తర్వాత చేయాలి.

డిస్కు పద్ధతి, బయాస్ మార్పులు: వరుస తప్పకూడదు

స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరిస్తే బయాస్ మోడ్ అనే వరుస ఉంటుంది. అక్కడ యూఈఎఫ్ఐ అని ఉంటే సగం పని తప్పింది. లెగసీ అని ఉంటే డిస్కు ముక్కల లెక్క పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉందని అర్థం, దాన్ని జీపీటీ పద్ధతికి మార్చాలి. ముందుగా బయాస్‌లో సీఎస్ఎం (పాత పద్ధతి బూట్‌కు వీలిచ్చే సెట్టింగ్) ఆపేసి, విండోస్ రావడం లేదని కంగారుపడేవారు చాలామంది. డిస్కు మార్పు ముందు, సీఎస్ఎం ఆపడం తర్వాత.

మార్పుకు ఎంబీఆర్2జీపీటీ (mbr2gpt) అనే ఆదేశం విండోస్ 10లోనే ఉంది, ఫైళ్లు చెరిపివేయకుండానే పని చేస్తుంది. మొదట దాన్ని వ్యాలిడేట్ (/validate), అలౌఫుల్‌ఓఎస్ (/allowFullOS) ఎంపికలతో నడిపితే మార్పు వీలవుతుందో లేదో చెబుతుంది. మన దగ్గర ఇక్కడే చాలా కంప్యూటర్లు ఆగుతాయి. ఈ ఆదేశం ఒప్పుకోవాలంటే డిస్కులో మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు (ముక్కలు) ఉండకూడదు, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అసలే ఉండకూడదు. ఫార్మాట్ కొట్టిన ప్రతిసారీ సీ, డీ, ఈ, ఎఫ్ అంటూ ముక్కలు చేయడం మన షాపులలో అలవాటు గనుక, చివరి ముక్కలు ఎక్స్‌టెండెడ్‌లోనే పడి ఉంటాయి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి, ఆకుపచ్చ గీత చుట్టిన భాగమే అది. అందులోని ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసి, సరిచూసుకొని, ఆ ముక్కలను తొలగించి, మళ్లీ వ్యాలిడేట్ చేయాలి. సరే అన్న తర్వాతే కన్వర్ట్ (/convert), అలౌఫుల్‌ఓఎస్ ఎంపికలతో నడపాలి.

అప్పుడు బయాస్‌లోకి వెళ్లి సీఎస్ఎం ఆపి, బూట్ పద్ధతిని యూఈఎఫ్ఐగా పెట్టి, విండోస్ వస్తుందని చూడండి. రెండోసారి వెళ్లి ఇంటెల్ బోర్డులో పీటీటీ, ఏఎండీ బోర్డులో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉన్న సెట్టింగ్‌ను ఆన్ చేయండి. మూడోసారి సెక్యూర్ బూట్. అది ఆన్ చేసినా సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో ఆఫ్ అనే చూపిస్తుంటే, బయాస్‌లో ఫ్యాక్టరీ కీలను తిరిగి స్థాపించే ఎంపిక ఉంటుంది, దాన్ని ఒకసారి నొక్కాలి. మూడుసార్లు రీస్టార్ట్ చేయడం విసుగనిపించవచ్చు. కానీ మూడింటినీ కలిపి మార్చి తెర నల్లబడితే, ఏది కారణమో చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు.

సీఎస్ఎం ఆపిన వెంటనే ఫ్యాన్లు తిరుగుతూ తెర మాత్రం రాకపోతే, మొదట పాత గ్రాఫిక్స్ కార్డును అనుమానించండి. యూఈఎఫ్ఐకి కావలసిన జీఓపీ అనే భాగం పాత కార్డులలో ఉండదు. కార్డు తీసి, ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్నట్లయితే మానిటర్ కేబుల్‌ను బోర్డు మీది హెచ్‌డీఎంఐకి కలపండి. అలా వీలు కాకపోతే పవర్ కార్డు తీసి, చిన్న బ్యాటరీని ఐదు నిమిషాలు బయట ఉంచి తిరిగి పెడితే బయాస్ సెట్టింగ్‌లు మొదటికి వచ్చి తెర వెలుగుతుంది.

ఇన్‌స్టాల్ మధ్యలో ఆగినప్పుడు

మొదలుపెట్టే ముందు కీబోర్డు, మౌసు, మానిటర్, నెట్ కేబుల్ తప్ప మిగిలినవన్నీ ఊడదీయండి. ప్రింటర్, వెబ్‌క్యామ్, వేలిముద్ర యంత్రం, కార్డ్ రీడర్ అన్నీ పక్కన పెట్టాలి. వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే తొలగించండి. సీ డ్రైవ్‌లో 64 జీబీ లేకపోయినా కనీసం 30 జీబీ ఖాళీ ఉంచండి.

శాతం అంకె కదలడం లేదని ఆన్ బటన్ నొక్కవద్దు. కేబినెట్ మీది హార్డ్ డిస్కు దీపం అప్పుడప్పుడూ మిణుకుమంటున్నంత సేపు పని జరుగుతున్నట్టే. పాత హార్డ్ డిస్కు మీద రెండు మూడు గంటలు పట్టడం వింత కాదు. మూడు గంటల పాటు అంకె కదలక, దీపం కూడా పూర్తిగా ఆరిపోయి ఉంటేనే ఆపండి.

వెనక్కి తిరిగి పాత విండోస్ వచ్చి, తప్పు సంఖ్య చూపితే దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. చివర 80070070 ఉంటే స్థలం చాలలేదు. సీ1900101తో మొదలైతే ఏదో డ్రైవర్ అడ్డుపడింది, సాధారణంగా గ్రాఫిక్స్, వైఫై, స్టోరేజ్ డ్రైవర్లలో ఒకటి. 8007045డీ లేదా 80070570 అంటే సమాచారం చదవడంలోనో రాయడంలోనో తేడా వచ్చింది. అటువంటప్పుడు పెన్‌డ్రైవ్, యూఎస్‌బీ పోర్టు, సాటా కేబుల్, ర్యామ్, డిస్కు అనే వరుసలో ఒక్కొక్కటి మార్చి చూడండి. పెన్‌డ్రైవ్‌ను మొదట ఉంచింది చవకగా తేలే పని గనుక. ఇంకొంత వివరం కావాలంటే సీ డ్రైవ్ విండోస్ ఫోల్డర్‌లో లాగ్స్, దాని లోపల సెటప్‌డయాగ్ అనే ఫోల్డర్ చూడండి. అక్కడి ఫలితాల ఫైలు చాలాసార్లు అడ్డుపడిన డ్రైవర్ పేరునే చెబుతుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లలో మరో చిక్కు ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎస్‌ఎస్‌డీ అసలే కనిపించకపోవచ్చు. ఇంటెల్ పదకొండో తరం నుంచి వీఎండీ అనే నియంత్రణ వెనుక డిస్కును ఉంచడం దీనికి కారణం. డిస్కు చెడలేదు. తయారీదారు వెబ్‌సైటు నుంచి ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, డిస్కు ఎంపిక తెరలో లోడ్ డ్రైవర్ నొక్కి చూపిస్తే కనిపిస్తుంది.

విండోస్ 11 వచ్చిన తర్వాత

డివైస్ మేనేజర్ తెరిచి పసుపు గుర్తులున్న వరుసలను చూడండి. కోడ్ 28 అంటే డ్రైవర్ లేదు. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉన్నా పరికరం మొదలుకాలేదు. కోడ్ 43 అంటే పరికరమే తప్పు చెబుతోంది, నిజంగా హార్డ్‌వేర్‌ను అనుమానించవలసింది ఎక్కువగా ఇక్కడే. పేరు తెలియని పరికరమైతే ప్రాపర్టీస్‌లో డిటైల్స్‌కు వెళ్లి హార్డ్‌వేర్ ఐడీ చూడండి. తయారీదారు సంఖ్య 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 10డీఈ అయితే ఎన్‌విడియా, 1002 అయితే ఏఎండీ. ముందుగా దాచుకున్న డ్రైవర్ల ఫోల్డర్‌ను చూపించి అప్‌డేట్ చేస్తే చాలావరకు సర్దుకుంటాయి. డ్రైవర్ ప్యాక్ అని ఎక్కడెక్కడివో కట్టగట్టి ఇచ్చే ప్రోగ్రాములను మాత్రం నేను ఎవరికీ చెప్పను.

ప్రింటర్‌ను కేబుల్ కలపకుండానే సెట్టింగ్స్ నుంచి తొలగించి, 64 బిట్ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసి, అది అడిగినప్పుడే కేబుల్ కలపాలి. కెమెరా, మైకు పనిచేయకపోతే విప్పే ముందు ప్రైవసీ సెట్టింగ్స్‌లో అనుమతి చూడండి.

అప్పటికీ తేలకపోతే లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌గా నడపండి. అక్కడ సౌండు, వైఫై పలికితే పరికరం మంచిదని రూఢి అయినట్టే, వెతకవలసింది విండోస్ డ్రైవర్‌లో. అక్కడా పలకకపోతే హార్డ్‌వేర్ మీద అనుమానం బలపడుతుంది. అయితే కొన్ని వైఫై చిప్‌లకు లైనక్స్‌లో డ్రైవర్ ఉండదు గనుక, రిపేరుకు ఇచ్చే ముందు ఇంకొక కంప్యూటర్‌లో పెట్టి చూడడం న్యాయం.

అర్హత లేని పాత కంప్యూటర్‌ను తనిఖీలు దాటించి బలవంతంగా విండోస్ 11 ఎక్కించే పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. ఇంట్లో పిల్లల చదువుకూ బ్యాంకు పనికీ వాడే యంత్రం మీద వాటిని నేను చేయను, అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు కాబట్టి. అటువంటివారు విండోస్ 10 పొడిగింపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకోవచ్చు, ఇంటి కంప్యూటర్లకు మొదట ప్రకటించిన గడువు 2026 అక్టోబరు 13. లేదా లైవ్‌గా నడిపి చూసిన మింట్‌నే స్థిరంగా ఎక్కించుకోవచ్చు.

అప్‌గ్రేడ్ బాగా జరిగిందనిపించినా, పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే అవకాశం పది రోజులే ఉంటుంది. ఆ లోపల డిస్క్ క్లీనప్ చేసి పాత విండోస్ ఫోల్డర్‌ను చెరిపివేయకండి. ఆ పది రోజుల్లోనే ప్రింటర్‌తో ఒక పేజీ తీయండి, స్కానర్ నడపండి, వీడియో కాల్ మాట్లాడండి, స్లీప్‌లో పెట్టి లేపండి, రాత్రి స్విచ్ బోర్డు మొత్తం ఆపి పొద్దున్నే ఆన్ చేసి చూడండి. ఏదైనా పలకకపోతే సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి గో బ్యాక్ నొక్కితే చాలు.